5 వేలతో ఏ శాంపిల్ ప్యాక్ కొనాలి? అనంతపురం తమ్ముడికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురంలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్న తమ్ముడు ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఈడీఎం (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) ట్రాకులు చేస్తున్నాడు. హార్డ్‌డిస్క్‌లో 40 జీబీ ఫ్రీ శాంపిల్ ప్యాకులు, అంటే ట్రాకుల్లో వాడుకోవడానికి ముందే రికార్డ్ చేసి పెట్టిన సౌండ్ల కట్టలు, ఉన్నాయి. అయినా తన ట్రాక్ బయట వినే ట్రాకుల పక్కన పెడితే పలచగా ఉందట. చేతిలో 5 వేలున్నాయి. "ఏ ప్యాక్ కొనమంటావన్నా? లూపులు వాడితే కాపీ కొట్టినట్టా? మన తప్పెట, ఉరుము సౌండ్లు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగాడు. లూప్ అంటే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకునే సంగీతపు ముక్క. తప్పెట, ఉరుము మన పల్లెల చర్మ వాద్యాలు.

ముందు జవాబు చెప్పేస్తా, తమ్ముడూ. పెద్ద ప్యాక్ ఏదీ కొనొద్దు. స్ప్లైస్ లాంటి, శాంపిళ్లు విడివిడిగా ఇచ్చే సైట్‌లో ఒక్క నెల చందా కట్టి, నువ్వు చేసే స్టైల్‌కు సరిపోయే కిక్కులు, క్లాపులు, హ్యాట్లు (ఇవన్నీ డ్రమ్ దెబ్బల రకాలు) ఒక్కొక్కటీ విని ఏరుకో. నెలకు 13 డాలర్ల లోపే, అందులో 100 క్రెడిట్లు వస్తాయి. శాంపిల్‌కు ఒక క్రెడిట్. చందా ఆపేసినా దించుకున్న సౌండ్లు నీవే, వాటిని ట్రాకుల్లో వాడుకోవచ్చు. మిగిలిన డబ్బు దాచు, దాంతో ఏం చేయాలో కింద చెప్తా. లూపులు వాడటం తప్పు కాదు, కానీ లైసెన్స్ చదవకుండా వాడితే ఇబ్బందే. తప్పెట, ఉరుము మాత్రం నువ్వే రికార్డ్ చేసుకోవాలి. మన జిల్లాల దరువు బయట ప్యాకుల్లో నాకు సరిగ్గా తగల్లేదు.

నేను కర్నూలులో చిన్న స్టూడియో నడుపుతున్నా. సగం పని పెళ్లిళ్ల డీజేలకు, చవితి సీజన్‌లో నిమజ్జనం మిక్సులకు. మిగతా సగం సొంత హౌస్ ట్రాకులు. ఇక్కడ చెప్పేవన్నీ ఆ పనిలో చూసినవే.

40 జీబీ ఉన్నా ఎందుకు పలచగా ఉంది?

ఆ 40 జీబీలో నిజంగా వేరువేరు సౌండ్లు ఎన్ని ఉంటాయనుకుంటున్నావు? హౌస్, టెక్నో ప్యాకుల్లో కిక్కులు చాలావరకు రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషిన్ టీఆర్-909 వంశమే. 1983లో వచ్చిన ఆ మెషిన్ కిక్‌ను ఒకరు కంప్రెస్ చేస్తారు, ఇంకొకరు డిస్టార్షన్ వేస్తారు, మూడోవాళ్లు పైన ఒక క్లిక్ అతికిస్తారు. ట్రాప్ ప్యాకుల్లోని పెద్ద బేస్ 1980 నాటి టీఆర్-808 సంతానం. వాటికి పేర్లు మార్చి ప్యాకు మీద ప్యాకు అమ్ముతారు. కొత్త ప్యాక్ కొన్న రోజు ఉత్సాహంగా ఉంటుంది, అది నిజమే. మరుసటి వారం ట్రాక్ మళ్లీ అలాగే వినిపిస్తుంది.

ఇంకొక సంగతి. ప్యాకుల డెమోలు బాగా లౌడ్‌గా మాస్టర్ చేసి ఉంటాయి. రెండు కిక్కులు పక్కపక్కన వింటే గట్టిగా వినిపించేదే మంచిదనిపిస్తుంది, మన చెవి అంతే. అందుకే ఏరుకునేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేసి విను. అలా వింటే నువ్వు ఇష్టపడ్డ వాటిలో సగం జారిపోతాయి.

నీ దగ్గర ఉన్నవాటిని ముందు జల్లెడ పట్టు. ఫ్రీ ప్యాకుల్లో పేరుకు వేవ్ ఫైల్, లోపల ఎంపీ3ని మార్చి పెట్టినవి బోలెడు. ఎఫ్ఎల్‌లో సౌండ్ ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతుందో చూపించే ప్యారామెట్రిక్ ఈక్యూ 2 తెరిచి హ్యాట్ ప్లే చెయ్యి. 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నట్టుండి ఏమీ లేకుండా తెగిపోయి ఉంటే ఆ ఫైల్‌ను అనుమానించు. టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికిన ప్యాకులను అయితే వినకుండానే తీసేయి. వాటికి లైసెన్స్ ఉండదు, వాటితో పాటు వచ్చే 'ఇన్‌స్టాలర్' ఫైళ్లలో ఏముందో దేవుడికే తెలియాలి.

జల్లెడ పట్టాక ఒకే ఫోల్డర్ మిగలాలి. కిక్కులు ఇరవై ముప్పై, క్లాపులు, స్నేర్లు అంతే, హ్యాట్లు కొంచెం ఎక్కువ, రైజర్లు (పైకి లేస్తూ పోయే సౌండ్లు), ఇంపాక్టులు ఒక గుప్పెడు. ఎఫ్ఎల్ బ్రౌజర్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌నే పైకి తెచ్చి పెట్టుకో. ఏ కిక్ ఎలా ఉంటుందో పేరు చూడగానే తలలో మోగేదాకా వాటితోనే పని చెయ్యి.

కిక్‌ను సుతికి కలుపు

పలచదనానికి అసలు కారణం ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది. కిక్‌కు కూడా సుతి (పిచ్) ఉంటుంది. ఈక్యూ స్పెక్ట్రమ్‌లో కింద ఎత్తుగా లేచే ముద్ద ఏ హెర్ట్జ్ దగ్గర ఉందో చూడు. 43.65 అయితే ఎఫ్, 49 అయితే జి, 55 అయితే ఎ. నీ ట్రాక్ ఎఫ్ మైనర్‌లో ఉండి కిక్ ఎఫ్ షార్ప్‌లో మోగుతుంటే, కిక్, బేస్ రెండూ విడివిడిగా బాగుంటాయి, కలిస్తే బురదగా ఉంటుంది. శాంప్లర్‌లో కిక్ పిచ్‌ను ఒకటి రెండు సెమీటోన్లు కదుపు. అంతకంటే ఎక్కువ కదపాల్సి వస్తే ఆ కిక్ వదిలేసి వేరేది తీసుకో, లేకపోతే ముందుండే దెబ్బ మొద్దుబారుతుంది.

రెండు కిక్కులు పేర్చి లావు చేయాలని అందరూ చూస్తారు. రెండింటి తరంగాలూ ఎదురెదురుగా ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఒకదాని పోలారిటీ తిప్పి, అంటే తరంగాన్ని తలకిందులు చేసి చూడు, లావెక్కితే అలాగే ఉంచు. అసలు పద్ధతి ఏంటంటే, కింది భాగం ఒకే కిక్‌ది ఉండాలి, రెండోదానికి హై పాస్ (కింది సౌండ్‌ను కోసేసే ఫిల్టర్) వేసి క్లిక్ మాత్రమే వాడుకోవాలి.

క్లాపుల విషయంలో మన దగ్గర వేరే గొడవ ఉంది. కర్నూలులో నిమజ్జనానికి కేసీ కెనాల్ వైపు కదిలే బండ్ల మీద డీజే సెటప్ చాలావరకు మోనోలో నడుస్తుంది. ఎడమ, కుడి కలిపి ఒకే సిగ్నల్ అన్ని బాక్సులకూ పోతుంది. ఒక డీజే తెచ్చిన ట్రాక్ హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా ఉంది, బండి మీద క్లాప్ మాయం. ఫైల్ తెరిచి చూస్తే, ప్యాక్‌లోని ఆ క్లాప్‌ను వెడల్పుగా వినిపించడానికి ఒక పక్క తరంగాన్ని తలకిందులు చేసి పెట్టారు. మోనో చేయగానే రెండు పక్కలూ కొట్టేసుకున్నాయి. అందుకని ఏ శాంపిల్ ఏరుకున్నా మాస్టర్ ట్రాక్‌లో స్టీరియో సెపరేషన్ నాబ్‌ను పూర్తిగా మోనో వైపు తిప్పి ఒకసారి విను. మాయమయ్యేది ఏదైనా ఉంటే దాన్ని ఫోల్డర్‌లోకి రానివ్వకు. బేస్, కిక్ ఎప్పుడూ మోనోలోనే ఉంచు.

లూపులు వాడితే కాపీయా?

కాదు. రిహానా 2007 పాట 'అంబ్రెల్లా'కు ఆధారమైన డ్రమ్ లూప్ యాపిల్ గ్యారేజ్‌బ్యాండ్‌తో పాటే వచ్చేది, 'వింటేజ్ ఫంక్ కిట్ 03' అని. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఆ లూప్ ఉంది. ఆ పాట చేసింది మాత్రం వాళ్లే. లూప్ వాడావా అని శ్రోత అడగడు.

కానీ డ్రమ్ లూప్ వేరు, మెలొడీ లూప్, వోకల్ లూప్ వేరు. ట్రాక్‌కు ముఖమే ఆ మెలొడీ అయినప్పుడు, అదే మెలొడీ ఇంకో వందమంది ట్రాకుల్లోనూ ఉంటుంది. తప్పని కాదు, నీకే తర్వాత ఇబ్బంది. కడపలో నాకు తెలిసిన కుర్రాడికి ఇదే జరిగింది. డబ్బులు కట్టి తీసుకున్న వోకల్ లూప్‌తో ట్రాక్ చేసి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. పాపం, ఎవరి పాట దొంగిలించానా అని ఒకటే టెన్షన్. సంగతి ఏంటంటే, అదే లూప్ వాడిన ఇంకెవరో తన ట్రాక్‌ను కంటెంట్ ఐడీలో, అంటే సౌండ్లు పోల్చి చూసే యూట్యూబ్ మెషిన్‌లో, నమోదు చేయించాడు. మెషిన్‌కు ఎవరు ముందో తెలియదు, రెండూ ఒకేలా ఉన్నాయని మాత్రమే తెలుసు. కుర్రాడి దగ్గర కొన్న రసీదు, లైసెన్స్ కాపీ ఉన్నాయి కాబట్టి డిస్ప్యూట్ వేశాడు. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది. చివరికి క్లెయిమ్ తీసేశారు.

నియమం ప్రకారం కంటెంట్ ఐడీలో పెట్టే సౌండ్ మీద నీకొక్కడికే హక్కుండాలి. అందరికీ అమ్మిన లూప్ మీద ఎవరికీ అలాంటి హక్కుండదు. అందుకే ట్రాక్‌లో ప్యాక్ మెలొడీగానీ వోకల్‌గానీ బయటకు స్పష్టంగా వినిపిస్తుంటే, ట్రాక్‌ను స్పాటిఫై లాంటి వాటికి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంటెంట్ ఐడీ గడిలో టిక్ పెట్టొద్దు. లేకపోతే నువ్వే ఇంకొకరి మెడకు చుట్టుకుంటావు.

'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితం అని చాలామంది పొరపడతారు. ఒకసారి డబ్బు కడితే ఆ తర్వాత ట్రాక్ ఎంత సంపాదించినా వాటా అడగరు, అంతే దాని భావం. మిగతా షరతులుంటాయి. ఆ సౌండ్లను అలాగే విడిగా ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు, ఇంకో ప్యాక్‌లో పెట్టకూడదు. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి నడుపుతున్న ఫ్రీసౌండ్ సైట్ మంచిది, వర్షం, రైలు, సంత చప్పుళ్లకు నేనూ వాడతాను. అక్కడ ఒక్కో ఫైల్‌కు ఒక్కో లైసెన్స్. సీసీ-జీరో (హక్కులన్నీ వదిలేసినది) అయితే ఎలాగైనా వాడుకో. 'బై' అని ఉంటే పేరు వేయాలి. 'నాన్ కమర్షియల్' అని ఉంటే డబ్బొచ్చే పనికి వాడొద్దు, డీజేకు అమ్మే మిక్స్ కూడా అందులోకే వస్తుంది.

సినిమా పాటల్లోంచి గొంతును సాఫ్ట్‌వేర్‌తో విడదీసి వాడటం గురించి నువ్వు అడగలేదు, కానీ నీ ట్రాక్ లింక్‌లో అదే విన్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది, దాన్ని వేరే రికార్డింగ్‌లో కలపడం కూడా ఆ హక్కులో భాగమే. బారాత్‌లో మోగించే రీమిక్స్ వేరే సంగతి అని డీజేలు అంటారు, దాని లెక్క వాళ్లు చూసుకుంటారు. స్పాటిఫైలో నీ పేరుతో పెట్టే ట్రాక్‌లో మాత్రం అది ఉండకూడదు.

వేగం సాగదీయడం

బయట హౌస్ లూపులు 120 నుంచి 128 బీపీఎం (నిమిషానికి బీట్లు) మధ్య ఉంటాయి, డ్రమ్ అండ్ బేస్ 174 దగ్గర. మనవాళ్లకు కావాల్సింది 100 దగ్గర తిరిగే నడక. 128 లూప్‌ను 100కు లాగితే డ్రమ్స్ నీళ్లు కలిపినట్టు అయిపోతాయి. పది శాతం లోపైతే సాగదీయి. దాటితే ఎఫ్ఎల్‌లోని స్లైసెక్స్ అనే టూల్‌లో వేసి ముక్కలు చేసి, దెబ్బలను మళ్లీ పేర్చుకో. ఇంకో తేడా ముఖ్యం. మన తప్పెట దరువుల్లో చాలా వాటిది తిశ్ర నడక, ఒక్కో బీట్‌లో మూడు భాగాలు. బయట ప్యాకుల్లో హ్యాట్ లూపులు చాలావరకు నాలుగు భాగాలవి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేస్తే దరువు కుంటుతుంది, తప్పు ఎక్కడుందో తెలియదు. స్నాప్‌ను (నోట్లు అతుక్కునే గీతల దూరాన్ని) 1/3 బీట్‌కు మార్చి హ్యాట్లు నువ్వే వేసుకో. అయిదు నిమిషాల పని.

తప్పెట, ఉరుము ఎలా రికార్డ్ చేయాలి

దీనికే డబ్బు దాచమన్నాను. కేఎస్‌హెచ్‌ఎంఆర్ అనే ప్రొడ్యూసర్ ప్యాకులు స్ప్లైస్‌లో ఉన్నాయి, భారతీయ వాద్యాలున్నవి బాగా చేశారు, విను. కానీ ఇండియన్ పెర్కషన్ అని దొరికే వాటిలో తబలా, ఢోల్, ఢోలక్‌దే రాజ్యం. రాయలసీమ తప్పెటకు వాటి బదులు పెట్టలేవు.

రికార్డర్ కొనక్కర్లేదు. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర జూమ్ లేదా టాస్కామ్ చేతి రికార్డర్ ఉంటుంది, ఒక రోజుకు అద్దెకు అడుగు. ఫోన్‌తో మాత్రం వద్దు. ఫోన్ తనంతట తాను వాల్యూమ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, తప్పెట మొదటి దెబ్బను నలిపేస్తుంది, ఆ దెబ్బే మనకు కావాల్సింది.

కళాకారులను ఆషాఢంలో కలువు. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి తీరిగ్గా ఉంటారు. అయితే ఆ నెలలో మీ అనంతపురం గాలి సంగతి నీకు తెలుసు, బయట మైక్ పెడితే గాలి తప్ప ఏమీ రాదు. బేతంచెర్ల బండలు పరిచిన ఖాళీ హాలు ఇంకా ఘోరం, ప్రతి దెబ్బకూ ప్రతిధ్వని. నాకు బాగా కుదిరింది వేరుశెనగ మూటలు పేర్చిన గది. గోనె సంచులు ప్రతిధ్వనిని మింగేస్తాయి. దగ్గర్లో బోరు మోటారు ఆఫ్ చేయించు, లేకపోతే దాని గుయ్యిమనే శబ్దం ప్రతి ఫైల్‌లోనూ ఉంటుంది.

తప్పెటను మంట దగ్గర కాచి చర్మం బిగించాక వాయిస్తారు. తడి వాతావరణంలో కాసేపటికే చల్లారి సుతి దిగిపోతుంది. దీన్ని ముందే ఆలోచించుకో. విడి దెబ్బలన్నీ కాచిన వెంటనే తీసుకో, దరువులు ఆ తర్వాత. మధ్యలో మళ్లీ కాచే టైం ఇవ్వు. పైసలిచ్చాం కదా అని తొందర పెట్టకు.

మైక్ ఒకటిన్నర మీటర్ల దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టు. 24 బిట్‌లో రికార్డ్ చెయ్యి, గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ తగ్గించి పెట్టు. తర్వాత పిచ్ కిందికి దించి వాడాలనుకుంటే 96 కిలోహెర్ట్జ్ పెట్టుకో, లేదంటే 44.1 చాలు. ఒక్కో రకం దెబ్బ నెమ్మదిగా, మామూలుగా, గట్టిగా, ఒక్కోటి ఆరేడుసార్లు వాయించమను. ఒకే శాంపిల్ పదే పదే మోగితే మెషిన్ అని చెవికి వెంటనే తెలిసిపోతుంది, అయిదారు మార్చి మార్చి వేస్తే తెలియదు. పెద్ద పుల్ల దెబ్బ, సన్న పుల్ల దెబ్బ విడివిడిగా తీసుకో. దెబ్బ తర్వాత మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలొద్దని చెప్పు.

ఉరుము దగ్గరకొస్తే, అది మీ అనంతపురం సొత్తు. చర్మం మీద పుల్లను రాసి తెప్పించే ఆ గురగురలో పిచ్ జారుతూ ఉంటుంది, 808 బేస్‌ను గ్లైడ్ చేసినట్టే. డ్రాప్‌లో (బీట్ మొత్తం ఒక్కసారిగా పడే చోట) బేస్ కింద సన్నగా వేస్తే ఏ ప్యాక్‌లోనూ దొరకని రంగు వస్తుంది. దాన్ని విడి దెబ్బలుగా కొయ్యకు. రెండు మూడు సెకన్ల పొడవు జారుళ్లుగా ఉంచు. ఇంకో మాట. ఉరుము దేవర ముందు వాయించే వాద్యం. వాయించేవాళ్లను ముందే అడుగు, కొన్ని దరువులు అమ్మవారి దగ్గర తప్ప వాయించరు. వద్దన్నది వదిలేయి, బతిమాలొద్దు.

డబ్బు విషయం తేల్చుకుని మొదలుపెట్టు. పెళ్లికి ఒక రోజుకు ఎంత తీసుకుంటారో అంత ఇవ్వు, సగం పూట పనే అయినా. ప్రదర్శకుల హక్కు అని అదే 1957 చట్టంలో 38వ సెక్షన్ ఉంది, వాళ్ల అనుమతి లేకుండా ఆ రికార్డింగ్‌ను వాడుకోకూడదు. తెలుగులో ఒక పేజీ రాసుకో. ఎవరు, ఏ రోజు, ఏ వాద్యం, ఎంత ఇచ్చావు, నీ ట్రాకుల్లో వాడుకోవడానికి ఒప్పుకున్నారా, విడిగా ప్యాక్‌గా అమ్మడానికి ఒప్పుకున్నారా, పేరు ఎలా వేయాలి. ఈ ట్రాక్, ప్యాక్ తేడా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, చదివి వినిపించి సంతకం తీసుకో. అమ్మే ఉద్దేశం ఉంటే వాటా సంగతి కూడా అందులోనే రాయి. రెండు కాపీలు, ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి.

ఇంటికొచ్చాక ఎఫ్ఎల్‌లోని ఆడియో ఎడిటర్ ఎడిసన్‌లో ఒక్కో దెబ్బను కోసి, మొదట్లో ఖాళీ లేకుండా, చివర చిన్న ఫేడ్ ఇచ్చి సేవ్ చెయ్యి. పేరులో వాద్యం, దెబ్బ రకం, గట్టిదనం, దరువైతే బీపీఎం రాయి. ఆ రోజు బద్ధకిస్తే ఆ ఫైళ్లు మళ్లీ తెరవవు. కంప్రెషన్, రివర్బ్ ఏవీ వేయకుండా ఒక కాపీ వేరే డిస్క్‌లో దాచు.

చివరగా చిన్న పనికొచ్చే మాట. స్ప్లైస్‌కు డాలర్లలో కట్టాలి కదా, కార్డు డిక్లైన్ అయితే కంగారు పడకు. డెబిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపి ఉంటాయి. బ్యాంక్ యాప్‌లో 'అంతర్జాతీయ వాడకం' ఆన్ చేసి, పరిమితి తక్కువ పెట్టి, పనయ్యాక మళ్లీ ఆపేయి. ఆటో రెన్యువల్ కూడా ఆ రోజే క్యాన్సిల్ చెయ్యి.

నీ ట్రాక్‌లో కిక్, బేస్ రెండే విడిగా వేవ్ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి లింక్ పెట్టు, ట్రాక్ ఏ కీలో ఉందో రాయి. ఎంపీ3 వద్దు. విని ఏం మార్చాలో ఇక్కడే చెప్తాను. చవితి సీజన్ మొదలైతే మాత్రం జవాబు ఆలస్యమవుతుంది.